పటంలో తెల్లగా మిగిలిన సందు

నెల్లికోట పోలీసు స్టేషన్లో రైటరుగా పనిచేసే హెడ్ కానిస్టేబుల్ పైడిరాజుకు ముత్యాల్లాంటి చేతిరాత ఉండేది కానీ, స్టేషన్‌కు చెడ్డపేరు తెచ్చే నిజాన్ని రిజిస్టరులో ఎక్కించడానికి మాత్రం ఆ చెయ్యి కదిలేది కాదు.

అలాగని మనిషి చెడ్డవాడేం కాదు. స్టేషన్‌కు ఎవరొచ్చినా ముందు బెంచీ మీద కూర్చోబెట్టేవాడు. టీ తెప్పించేవాడు. ఊళ్ళోని జూట్ మిల్లులో పనిచేసే చదువురాని ఆడవాళ్ళు వస్తే వాళ్ళు చెప్పింది చెప్పినట్టు తెల్లకాగితం మీద తానే అర్జీ రాసి, చదివి వినిపించి, వేలిముద్ర వేయించుకునేవాడు. తేదీ, వేళ, చోటు, ఒక్కటి కూడా తప్పిపోయేది కాదు. "మా బాద మాకే ఇంత బాగా సెప్పుకోడం రాదు బాబూ" అని వాళ్ళు కళ్ళు తుడుచుకునేవారు.

ఆ తర్వాత పైడిరాజు గొంతు తగ్గించేవాడు.

"కేసు కట్టమంటే కట్టేస్తాను, నాకేం? కానీ కోర్టు చుట్టూ ఎవరు తిరుగుతారమ్మా? వాయిదా వచ్చినప్పుడల్లా నీ షిఫ్టు పోతుంది. ఆ దొంగను మేం వెతుకుతూనే ఉంటాం. కాగితం నా దగ్గర భద్రంగా ఉంటుందిలే" అనేవాడు.

పాపం, వాళ్ళు తలూపి వెళ్ళిపోయేవారు. కాగితం నిజంగానే భద్రంగా ఉండేది. పైడిరాజు బల్ల కింద ఒక పెద్ద రేకు బిస్కెట్ల డబ్బా ఉండేది. అందులోకి వెళ్ళిన అర్జీ మళ్ళీ వెలుగు చూసేది కాదు. చింపి పారేద్దామంటే అతనికి చేతులొచ్చేవి కావు. తన రాత మీద అతనికి అంత మమకారం.

ఇదంతా ఎందుకంటారా? నెలకోసారి జిల్లా పోలీసు ఆఫీసులో నేరాల మీద సమావేశం జరిగేది. రిజిస్టరులో నేరాలు పెరిగిన స్టేషన్ల ఎస్సైలకు అక్షింతలు పడేవి. తగ్గిన వాళ్ళకు చప్పట్లు. నెల్లికోటకు వరసగా మూడేళ్ళు చప్పట్లే. "అతి తక్కువ నేరాల స్టేషన్" అని ఒక ఇత్తడి షీల్డు కూడా ఇచ్చారు. దాన్ని పైడిరాజు శనివారం శనివారం చింతపండు పెట్టి తోమించి, వచ్చేవాళ్ళకు కనబడేలా పెట్టేవాడు. పైన పటారం, లోన లొటారం అన్నమాట. షీల్డు పైన మెరుస్తుండేది, డబ్బా కింద నిండుతుండేది.

పైడిరాజుకు ఒక అక్క ఉండేది. పేరు బంగారమ్మ. ఆ వైపు అక్కను అప్ప అంటారు. అతనికి ఆరేళ్ళప్పుడు తల్లి పోతే, పద్నాలుగేళ్ళ అప్ప జూట్ మిల్లులో పనికి చేరి తమ్ముణ్ణి పెంచింది. తనకు అక్షరం ముక్క రాదు. అయినా రోజూ సాయంత్రం తమ్ముడి పలక ఒళ్ళో పెట్టుకుని, వంకరగా కనబడిన అక్షరం మీద వేలు పెట్టి, "ఇది కుంటతంది, మళ్ళీ రాయి" అనేది. ఆ ముత్యాల రాత అలా వచ్చిందే. పెళ్ళయి, భర్త పోయి, మళ్ళీ తమ్ముడి ఇంటికే వచ్చిన అప్పకు ఇప్పుడు యాభై నాలుగేళ్ళు. మిల్లు మానెయ్యమని పైడిరాజు ఎన్నిసార్లు చెప్పినా, "మానీసి ఏటి సెయ్యాల? నీ షీల్డు తోమాలా?" అని నవ్వేసేది. మధ్యాహ్నం ఆమె ఇంటికి వచ్చేసరికి జుట్టు నిండా జనపనార పీచు ఉండేది. తీరిక దొరికినప్పుడల్లా పైడిరాజు వెనక కూర్చుని ఒక్కొక్క పీచూ ఏరేవాడు. అక్కా తమ్ముళ్ళు కబుర్లు చెప్పుకునేది అప్పుడే.

మిల్లులో మొదటి షిఫ్టు ఆరింటికి మొదలయ్యేది. గేటు ఐదున్నరకే మూసేసేవారు. నాలుగు వందల మంది ఆడవాళ్ళు వేకువనే లేచి, క్యారేజీలు పట్టుకుని, దగ్గరి దారి అని గూడ్సుషెడ్డు సందులోంచి నడిచి వెళ్ళేవారు. ఒకవైపు రైలు గోదాములు, మరోవైపు మిల్లు పాతగోడ. దీపం లేదు. ఆ సందులోనే వాళ్ళ మెడల్లోని గొలుసులు, చెవుల్లోని దుద్దులు పోతుండేవి. ఎప్పుడో ఎవరో వేసిన ఆర్డరు పుణ్యమా అని ఒక కానిస్టేబులు వేకువన సందు మొదట్లో నిలబడేవాడు. అతను నిలబడినంత మేర భద్రం, ఆ తర్వాత దేవుడే దిక్కు.

ఇలా ఉండగా ఒకరోజు హైమ అనే అమ్మాయి జిల్లా పోలీసు సూపరింటెండెంటు గారి ఉత్తరం పట్టుకుని స్టేషన్‌కు వచ్చింది. ఆమె విశ్వవిద్యాలయంలో పరిశోధన చేస్తోంది. ఏ నేరం ఎక్కడ, ఏ వేళప్పుడు, ఎందుకు జరుగుతోందో లెక్కలు తీసి, దాన్ని బట్టి ఎక్కడ దీపాలు వెయ్యాలో, ఎక్కడ కాపలా పెట్టాలో చెప్పడం ఆమె చదువు. ఆమె చెప్పినదాని మీదే జిల్లాలో కొత్త దీపాలు, కాపలాలు నిర్ణయిస్తామని ఉత్తరంలో ఉంది.

హైమ గోడకు ఊరి పటం తగిలించింది. మూడేళ్ళ రిజిస్టర్లు ముందేసుకుని, నేరం జరిగిన చోటల్లా ఒక ఎర్రచుక్క అంటించింది. నాలుగు రోజులు అదే పని. బజారు వీధి ఎర్రబడిపోయింది. అవును మరి, బజారులో షాపుల వాళ్ళను టీ ఇచ్చి పంపెయ్యడం కుదరదు. వాళ్ళకు సంఘం ఉంది, సంఘానికో పెద్ద ఉన్నాడు, ఆ పెద్దకో పెద్ద గొంతు ఉంది. గూడ్సుషెడ్డు సందు మాత్రం పటంలో తెల్లగా మిగిలిపోయింది.

హైమ ఆ తెల్లటి చోటు ముందు చాలాసేపు నిలబడింది.

"రైటర్ గారూ, ఈ సందులో దీపం లేదు. రోజూ నాలుగు వందల మంది నడుస్తారు. మూడేళ్ళలో ఒక్క నేరం కూడా జరగలేదంటే నాకు నమ్మబుద్ధి కావడం లేదండీ. రిజిస్టరులో ఎక్కనివి ఏమైనా ఉన్నాయా? నాకు పేర్లు అక్కర్లేదు. తేదీ, వేళ చెబితే చాలు."

పైడిరాజు కాలికి బల్ల కింద డబ్బా తగిలింది. ఒక్క మాట చాలు. ఆ అమ్మాయి అడిగిన తీరులో తిట్టు లేదు, బెదిరింపు లేదు. చెప్పేస్తే ఏమవుతుంది అని అతనికి ఒక్క క్షణం అనిపించింది. కానీ కళ్ళు షీల్డు వైపు పోయాయి.

"ఉంటే రాయనా అమ్మా? అది మంచివాళ్ళు తిరిగే సందు. మా అప్ప కూడా రోజూ అందులోంచే వెళుతుంది" అన్నాడు.

"మీ అక్కగారే వెళుతున్నారంటే ఇక నేనేం అడుగుతాను?" అని హైమ రిజిస్టరు మూసేసింది.

నెల తిరక్కుండానే ఆర్డరు వచ్చింది. కొత్త దీపాలు బజారు వీధికి మంజూరయ్యాయి. అంతటితో ఆగితే బాగుండేది. గూడ్సుషెడ్డు సందులో నిలబడే కానిస్టేబుల్ని కూడా బజారుకు మార్చమన్నారు. ఎస్సై గారు ఆ ఆర్డరును డ్యూటీ పుస్తకంలో ఎక్కించమని పైడిరాజుకే ఇచ్చారు. "సదరు సందులో నేరములేవియు నమోదు కానందున" అనే దగ్గర అతని కలం ఆగింది. కాసేపు ఆగింది. తర్వాత గుండ్రంగా, పొందికగా, ఒక్క కొట్టివేత లేకుండా రాసేసింది.

ఆ సాయంత్రం అప్ప జుట్టులో పీచు ఏరుతూ అతను మెల్లిగా అన్నాడు.

"అప్పా, రేపట్నించి ఆ సందులో ఎళ్ళకు. రైలు స్టేషన్ రోడ్డు మీద నించి ఎళ్ళు."

"ఏల? అలా ఎళ్తే అరగంట సుట్టు. గేటు మూసీస్తారు. అయినా సందులో మీ పోలీసోడుంటాడు కదేటి?"

పోలీసును తీసేశారని చెప్పాలి. ఎందుకు తీసేశారంటే ఏం చెప్పాలి? పైడిరాజు మాట మింగేశాడు. "ఏం లేదులే" అని మరో పీచు ఏరాడు.

సందులో కాపలా తీసేసిన పందొమ్మిదో రోజు సోమవారం. పైడిరాజు ఇంకా గడ్డం గీసుకుంటుండగా బంగారమ్మకు దెబ్బ తగిలిందని చెప్పడానికి మిల్లు నుంచి ఒకామె పరిగెత్తుకొచ్చింది. సగం గీసిన గడ్డంతోనే అతను ధర్మాసుపత్రికి పరిగెత్తాడు.

బంగారమ్మ బల్ల మీద పడుకుని ఉంది. కుడి మణికట్టు విరిగి వాచిపోయింది. మిల్లులో దారం వడికే మరల దగ్గర తెగిన పోగులు అతికే చెయ్యి అది. చిన్నప్పుడు పలక మీద కుంటి అక్షరాన్ని చూపించిన చెయ్యి కూడా అదే. పక్కన ఆమెతో పనిచేసే నూకాలు నిలబడి ఉంది.

"ఏటయినాది అప్పా?"

"ఏటీ లేదురా. జారి పడ్డాను."

"మెడ మీద ఆ ఎర్రగీత ఏటి? గొలుసేదీ?"

పైడిరాజు ఉద్యోగంలో చేరిన కొత్తలో చేయించిన సన్నటి గొలుసు అది. బంగారమ్మ మొహం అటు తిప్పుకుంది. నూకాలే చెప్పింది.

"బండి మీద ఇద్దరొచ్చినారు బాబూ. గొలుసు లాగీసి, వదిన్ని గోడకేసి తోసీసినారు. రోజూ పోలీసోడు నిలబడే చోటే. ఈమధ్య పోలీసు లేడు కదా."

"మరి జారి పడ్డానని ఏల సెప్పినావప్పా?" అని అడిగాడు పైడిరాజు.

బంగారమ్మ ఎడం చేత్తో తమ్ముడి గడ్డం మీది సబ్బు నురుగు తుడిచింది.

"కేసు రాయకురా నాన్నా. రాస్తే నీ టేసనుకి సెడ్డపేరు. నీ ఇత్తడి షీల్డు పట్టుకుపోతారు. ఇన్నాళ్ళూ మా మిల్లు ఆడగుంటలందరికీ నానే సెప్పినాను, మా తమ్ముడికి ఇబ్బంది ఎట్టకండి అని. అందరి కాగితాలూ బల్ల కింద డబ్బాలో బద్రంగా దాసినావంట కదా. నాదీ ఓ కాగితం రాసి ఆ డబ్బాలో ఎట్టీ. సాలు."

ఆమె ఎత్తిపొడుపుగా అనలేదు. నిజంగా తమ్ముడి మేలు కోరి అంది. ఎత్తిపొడిచినా పైడిరాజు తట్టుకునేవాడేమో. ఆ ప్రేమను మాత్రం తట్టుకోలేకపోయాడు. ఆసుపత్రి అని కూడా చూడకుండా అప్ప కాళ్ళ దగ్గర తల పెట్టుకుని చిన్నపిల్లాడిలా ఏడ్చాడు. చేతులు కాలాక ఆకులు పట్టుకుని ఏం లాభం అని మీరనవచ్చు. నిజమే. కానీ అప్పటికైనా పట్టుకోని వాళ్ళు ఎంతమంది లేరు!

స్టేషన్‌కు వెళ్ళి రిజిస్టరు తెరిచి, ముందు అప్ప కేసు రాశాడు. తర్వాత బల్ల కింది డబ్బా తీసి బల్ల మీద పెట్టాడు. ముప్పై ఎనిమిది అర్జీలున్నాయి, అన్నీ ఆ సందువే.

ఎస్సై గారు కంగారుపడ్డారు.

"మీ అక్కగారిది రాశావు, బాగుంది. అది తప్పదు. మిగతావి ఎందుకయ్యా కదపడం? నీ ఉద్యోగం సంగతి ఆలోచించుకున్నావా? నా సంగతి?"

"మా అప్పది ఒక్కటే రాస్తే, నేను పోలీసుని అనిపించుకోనండి. తమ్ముణ్ణి మాత్రమే అవుతాను" అన్నాడు పైడిరాజు.

డబ్బా చంకన పెట్టుకుని బస్సెక్కాడు. సూపరింటెండెంటు గారి ముందు నిలబడి, మూడేళ్ళ నుంచి తాను చేసిందంతా దాచకుండా చెప్పాడు. ఆయన డబ్బా మూత తీసి చూశారు. వెంటనే హైమను పిలిపించారు.

హైమ ఒక్కొక్క కాగితం తీసి చదివింది. కోప్పడుతుందని పైడిరాజు తల వంచుకుని నిలబడ్డాడు. ఆమె కళ్ళు చెమర్చాయి.

"ఎంత బాగా రాశారండీ! ఏ స్టేషన్లోనూ నాకు ఇంత వివరం దొరకలేదు. ఇవి ఆరోజు ఇచ్చి ఉంటే..." అని ఆ మాట అక్కడే ఆపేసింది. దాని తర్వాత మాట పైడిరాజుకు తెలుసు.

నెల్లికోట స్టేషన్లో మళ్ళీ పటం గోడకెక్కింది. తెల్లటి సందులో ముప్పై తొమ్మిది ఎర్రచుక్కలు పడ్డాయి. అవి పడ్డాక సందు నోరు విప్పి తన కథ తానే చెప్పడం మొదలుపెట్టింది. దొంగతనాలన్నీ ఐదింటికీ ఐదుంపావుకీ మధ్యే జరిగాయి. దాదాపు అన్నీ మిల్లు పాతగోడ కూలిన చోటు దగ్గరే. ఆ కంతలోంచి బండి దూరుతుంది, దొంగలు పారిపోయే దారి అదే. ఇంకో సంగతి చూసి హైమ ఆశ్చర్యపోయింది. ముప్పై తొమ్మిదిలో ఇరవై ఆరు సోమవారాలే!

"సోమవారమే ఎందుకు?" అని ఆమె పైకే అనుకుంది.

స్టేషన్‌కు సాక్ష్యం చెప్పడానికి వచ్చిన నూకాలు కిసుక్కున నవ్వింది.

"అదేటమ్మా, అంత సదూకున్నావు, తెలీదా? ఆదివారం మిల్లుకి సెలవు. పెళ్ళిళ్ళకీ, పేరంటాలకీ ఉన్నదల్లా ఎట్టుకుంటాం. సోమారం పొద్దున్న తియ్యడానికి తీరుబడేదీ? అలాగే పరిగెడతాం. ఆ ముండాకొడుకులకి అది తెలుసు."

దొంగలకు తెలిసింది, ఆడవాళ్ళకు తెలిసింది. తెలియనిది రిజిస్టరుకు ఒక్కదానికే.

ఇక పనులు జరిగిపోయాయి. సందులో మూడు దీపాలు వెలిగాయి. కూలిన గోడను ఇటుకలతో కట్టించారు. వేకువ నాలుగున్నర నుంచి ఆరు దాకా కాపలా పెట్టారు, సోమవారాలు ఇద్దరిని. ఆ తర్వాత మూడో సోమవారం ఇద్దరు దొంగలు ఒకామె చెవి దుద్దుకు చెయ్యి వేసి, దొరక్కపోవడంతో బండి తిప్పుకుని అలవాటు కొద్దీ కంతలోకి దూసుకుపోయారు. అక్కడ కంత ఉంటే కదా! కొత్తగోడకు కొట్టుకుని కింద పడితే, కానిస్టేబుళ్ళ కంటే ముందు మిల్లు ఆడవాళ్ళే క్యారేజీలతో పలకరించారు. బంగారమ్మ గొలుసు మాత్రం దొరకలేదు. అది ఎప్పుడో కరిగిపోయింది.

ఆ నెల సమావేశంలో జిల్లాలో అందరికంటే ఎక్కువ నేరాలు నెల్లికోటవే. పైడిరాజు షీల్డును తానే తోమి, తానే తెచ్చి అప్పగించాడు. కొందరు ముసిముసిగా నవ్వారు. సూపరింటెండెంటు గారు వాళ్ళ వైపు చూసి, "నెల్లికోటలో నేరాలు పెరగలేదు. ఇన్నాళ్ళకు మన కంటబడ్డాయి. ఇకమీదట ఎక్కువ రాసినందుకు ఎవరికీ చివాట్లు ఉండవు. రాయనందుకు ఉంటాయి. ఈ షీల్డు ఇక ఎవరికీ ఇవ్వం" అన్నారు. ఎస్సై గారికి సంజాయిషీ నోటీసు ఇచ్చారు. పైడిరాజుకు శిక్ష కూడా వేశారు. రైటరు బల్ల తీసేసి, ప్రమోషన్ ఆపేసి, వేకువ కాపలా డ్యూటీకి పంపారు. ఏ సందుకో చెప్పాలా?

బంగారమ్మ చేతి కట్టు విప్పిన మర్నాడు, హైమ పిలిస్తే మిల్లు ఆడవాళ్ళు కొందరు పటం చూడడానికి స్టేషన్‌కు వచ్చారు. బంగారమ్మ ఎర్రచుక్కల దగ్గరగా మొహం పెట్టి చూసింది.

"ఇందులో నాదేదమ్మా?"

హైమ నోరు విప్పేలోగా పైడిరాజే ముందుకొచ్చి చూపించాడు.

"ఇది నీది అప్పా. దీని పక్కది నూకాలుది, రెండేళ్ళ కిందటిది. ఇది సన్నెమ్మది, చెవి తెగింది. ఇది పార్వతిది, అప్పటికి ఆమెకు ఏడో నెల." ఒక్క కాగితం చూడకుండా ముప్పై తొమ్మిది పేర్లూ చెప్పాడు. రాసిన చెయ్యి కదా, అన్నీ గుర్తున్నాయి.

నూకాలు నెమ్మదిగా అంది.

"నా సుక్క ఆనాడే ఎట్టుంటే, వదిన సెయ్యి ఇరిగేది కాదు బాబూ."

"అవును" అన్నాడు పైడిరాజు. "తప్పు నాది. మీ అందరికీ దణ్ణం పెడతాను, క్షమించండి."

బంగారమ్మ వాపు పూర్తిగా తగ్గని చేతిని తమ్ముడి తల మీద వేసింది.

"అక్షరం కుంటకుండా ఎలా రాయాలో నేర్పినాను గానీ, ఏటి రాయాలో నేర్పలేకపోనాను. నాకు సదువు రాదు కదరా."

"అదీ నువ్వే నేర్పావప్పా. నేనే ఆలస్యంగా నేర్చుకున్నాను" అన్నాడతను.

రెండు నెలలకు బంగారమ్మ మళ్ళీ మిల్లుకు వెళ్ళింది. చెయ్యి మునుపటిలా బిగువుగా పట్టదు, అందుకని దారం చుట్టే కండెలు ఏరే తేలికపని ఇచ్చారు. వేకువ ఐదింటికి గూడ్సుషెడ్డు సందులో దీపాల కింద ఆడవాళ్ళు గలగలా మాట్లాడుకుంటూ నడిచిపోతుంటే, లాఠీ పట్టుకుని పైడిరాజు నిలబడి ఉండేవాడు. జేబులో చిన్న నోటు పుస్తకం ఉండేది. ఎవరైనా అనుమానం కలిగేలా తిరిగారని చెప్పినా, దీపం వెలగడం లేదని చెప్పినా వెంటనే అందులో రాసి, తెల్లారగానే రిజిస్టరుకు ఎక్కించేవాడు. అప్ప కనబడితే ఆమె వెంట మిల్లు గేటు దాకా నడిచి వచ్చేవాడు.

"ఏటిరా అంతలా రాసీస్తన్నావు? మళ్ళీ షీల్డు ఇస్తారేటి?" అనేది ఆమె.

"నువ్వు ఇంటికొస్తే చాలప్పా" అనేవాడు పైడిరాజు.

నీతి: కష్టాన్ని లెక్కలోంచి తీసేస్తే కష్టం తీరదు, ఉన్నది ఉన్నట్టు రాసిన లెక్కే మనుషులను కాపాడుతుంది.